దర్యాప్తులోనే ఓడిపోతున్న న్యాయం

(వేములవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టం ముందు అందరూ సమానులేనని రాజ్యాంగం 14వ అధికరణం చెబుతోంది. ఆ మాట ఎంతవరకు నిజమో తీర్పులు మాత్రమే చదివి తేల్చలేం. ఫిర్యాదు ఎప్పుడు రాసుకున్నారు, సాక్ష్యం ఎవరు సేకరించారు అన్న దగ్గర్నుంచి చూడాల్సి వుంటుంది. కులం ఎక్కువగా పనిచేసేది అక్కడే.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. నేరం చేశారన్నది పోలీసుల మీద, దర్యాప్తు చేసిందీ పోలీసులే. విచారణ త్వరగా జరపాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న పోలీసులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుబడుతూనే, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. అంటే వాళ్ళు ఓడిపోయింది కోర్టులో కాదు, అంతకు ఎన్నో ఏళ్ళ ముందే.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకునే దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆమెను సమత అంటున్నాం. మూడు రోజులకు శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగింది. దిశ కోసం దేశమంతా కదిలింది, కదలవలసిందే. సమత పేరు వినిపించడానికి మాత్రం దళిత సంఘాలు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆందోళనల తర్వాత ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు ఏర్పడి, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష విధించింది. మరణశిక్ష మీద మనకు వేరే చర్చ వుంది. కానీ ఘటన నుంచి తీర్పు దాకా పట్టింది 67 రోజులు. వాకపల్లికి పట్టింది పదిహేనేళ్ళకు పైనే.

దిశ కేసులో నలుగురు నిందితులను డిసెంబర్ 6న పోలీసులు కాల్చి చంపితే చాలామంది పూలు చల్లారు. వాళ్ళను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం విచారించాలని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. జవాబు చెప్పనక్కరలేని పోలీసు అధికారం ఈరోజు మన పేరు చెప్పుకుని తుపాకి పేల్చినా, రేపు ఏ గూడెం మీదకైనా వస్తుంది. అందుకే ఎన్‌కౌంటర్‌ను స్త్రీలకు దొరికిన న్యాయంగా ఒప్పుకోలేం.

మన పని మొదటి రోజునే వుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రాథమిక విచారణ పేరుతో ఎఫ్ఐఆర్ ఆపడానికి వీల్లేదని 18ఎ సెక్షన్ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. విధుల్లో నిర్లక్ష్యం చేసిన అధికారిపై 4వ సెక్షన్ కింద చర్య కోరవచ్చు. బాధితులకు, సాక్షులకు రక్షణ 15ఎ ఇస్తోంది.

స్టేషన్‌కు ఆమెను ఒంటరిగా పంపకండి. ఫిర్యాదులో ఆమె చెప్పిన మాటలే వున్నాయో లేదో చదివి వినిపించండి. ఎఫ్ఐఆర్ నకలు చేతికి అందాకే అక్కణ్ణుంచి కదలండి. వైద్య పరీక్ష ఏ తేదీన, ఏ సమయానికి జరిగిందో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత అరవై రోజులూ లెక్క పెడుతూ అడుగుతూనే వుండాలి.