మౌస్ ముట్టుకోకుండా క్లిక్ చేయిద్దాం: పైథాన్‌లో పైఆటోజీయూఐ

ఈ వీడియోలో మౌస్‌ని చేత్తో పట్టుకోకుండా, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో దాన్ని కదిలించడం, క్లిక్ చేయించడం ఎలాగో చూద్దాం. మొబైల్‌లో చూస్తున్నవాళ్ళు కూడా ఉండండి, చివర్లో ఫోన్ సంగతీ ఉంది.

అసలు ఇది ఎవరికి కావాలి? ఒక మెడికల్ షాప్ అనుకోండి. 300 రకాల మందులు దిగాయి. లిస్ట్ ఎక్సెల్‌లో ఉంది. కానీ షాపులో ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, ఎక్సెల్ ఫైల్ తీసుకోదు. ఒక్కో మందుకీ పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, రేటు కొట్టి సేవ్ నొక్కాలి. అలా 300 సార్లు! ఇలాంటి పనికే ఈ స్క్రిప్ట్.

కమాండ్ ప్రాంప్ట్‌లో పిప్ ఇన్‌స్టాల్ పైఆటోజీయూఐ అని కొడితే వచ్చేస్తుంది. దీన్ని తయారుచేసింది ఆల్ స్వీగార్ట్, ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్ అనే పుస్తకం రాసినాయన.

ఇప్పుడు స్క్రీన్‌ని గ్రాఫ్ పేపర్ అనుకోండి. పైన ఎడమ మూల సున్నా, సున్నా. స్కూల్లో వై పైకి వెళ్తే పెరిగేది కదా, ఇక్కడ కిందికి వస్తే పెరుగుతుంది. 1920 బై 1080 స్క్రీన్ అయితే కింద కుడి మూల 1919, 1079 అన్నమాట. మౌస్ ఎక్కడుందో పొజిషన్ ఫంక్షన్ చెప్తుంది. మూవ్ టూ అంటే అక్కడికి వెళ్తుంది, క్లిక్ అంటే నొక్కుతుంది, రైట్ అంటే టైప్ చేస్తుంది. ఇవన్నీ ఒక ఫర్ లూప్‌లో పెడితే 300 మందులూ అదే ఎక్కించేస్తుంది. అంతే, సింపుల్.

కానీ అసలు కథ ఇక్కడే ఉంది. 140వ మందు దగ్గర సాఫ్ట్‌వేర్ "ఈ బ్యాచ్ ఇప్పటికే ఉంది" అని చిన్న బాక్స్ చూపించిందనుకోండి. మనమైతే ఆగి చూస్తాం. స్క్రిప్ట్‌కి కళ్ళు లేవు కదా! అది బాక్స్ మీదే టైప్ చేస్తుంది, తర్వాత ఒక గడి తప్పి, ఒక మందు ఎక్స్‌పైరీ ఇంకో మందుకి పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, 300 పూర్తయ్యాయి అంటుంది. గడువు దాటిన సిరప్ రికార్డులో మాత్రం ఇంకా రెండేళ్ళు ఉన్నట్టు కనిపిస్తుంది. అది కొనుక్కెళ్ళేది ఏ పసిపిల్ల తల్లో అయితే?

అందుకే నంబర్లని గుడ్డిగా నమ్మకుండా, లొకేట్ ఆన్ స్క్రీన్ వాడండి. సేవ్ బటన్‌ని చిన్న స్క్రీన్‌షాట్ తీసి ఇస్తే, స్క్రిప్ట్ ముందు దాన్ని వెతుకుతుంది, దొరికాకే మనం నొక్కిస్తాం. దొరకకపోతే కొత్త వెర్షన్లలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చాలామంది ఆ ఎర్రర్‌ని ట్రై, ఎక్సెప్ట్ పెట్టి మింగేస్తారు. నా మాట వినండి, ఆగనివ్వండి. ఆగడమే మనకి కావాల్సింది. ఇంకోటి, విండోస్‌లో డిస్‌ప్లే స్కేల్ 100 నుంచి 125 శాతానికి మారిస్తే పాత బొమ్మ మ్యాచ్ అవ్వదు, మళ్ళీ తీసుకోవాలి.

బ్రేక్ కూడా ఉంది. స్క్రిప్ట్ అదుపు తప్పితే మౌస్‌ని గబుక్కున పైన ఎడమ మూలకి తోసేయండి, ఆగిపోతుంది. దీన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. ఒక్కో కమాండ్ తర్వాత అది 0.1 సెకను ఆగుతుంది, ఆ గ్యాప్‌ని ఒక సెకను చేసుకుంటే మీకు తోసే టైమ్ దొరుకుతుంది. కొందరు ఫెయిల్‌సేఫ్‌ని ఫాల్స్ చేసేస్తారు, బ్రేకులు పీకేసి బండి నడపడమే అది. మొదట ఐదు మందులతో నడిపి, కళ్ళతో చూసుకుని, అప్పుడు మిగతావి వదలండి.

మనవాళ్ళకి వచ్చే ఇంకో ఇబ్బంది: రైట్ ఫంక్షన్ తెలుగు అక్షరాలు కొట్టదు. కీబోర్డ్ మీదున్న ఇంగ్లిష్ కీలే దానికి తెలుసు. పైపర్‌క్లిప్‌తో తెలుగు మాటని కాపీ చేసి, హాట్‌కీతో కంట్రోల్ వీ నొక్కించండి, పడిపోతుంది.

ఇక ఫోన్. ఆటో క్లిక్కర్ యాప్‌లు ఉన్నాయి కదా, అవి సాధారణంగా యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి. అది వైకల్యం ఉన్నవాళ్ళ సౌకర్యం కోసం పెట్టింది. ఆ పర్మిషన్ ఇస్తే యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. బ్యాంకు డబ్బు కొట్టేసే మాల్‌వేర్‌లు వాడుకునేదీ ఇదే పర్మిషన్. గేమ్‌లో నాలుగు కాయిన్ల కోసం యూపీఐ ఉన్న ఫోన్‌లో దాన్ని ఆన్ చేయకండి. నేర్చుకోవాలనుంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీ షెల్ ఇన్‌పుట్ ట్యాప్ 500 1200 అని కొట్టండి. ఆ చోట వేలు పెట్టినట్టే నొక్కుతుంది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయండి.

వచ్చే వీడియోలో ఆ ఎక్సెల్ ఫైల్‌ని వరస వరసగా చదివించే కోడ్ రాద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.