తిరుగు సీటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“అంతరిక్షంలో మనుషుల్ని కాపురం పెట్టించడం న్యాయమేనా?” అనే అంశం మీద మాట్లాడమన్నారు. రాకెట్లు నా విద్య కాదండి. సముద్రంలో గ్యాసు తీసే ప్లాట్‌ఫారాల మీద పనిచేసే ఇంజనీర్ని. అక్కడ మాకు ఒక నియమం ఉంది. లైఫ్‌బోటులో సీటు లేని మనిషి ప్లాట్‌ఫారం మీద ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. వంద సీట్లుంటే నూటొకటో మనిషి ఎంత పనిమంతుడైనా ఒడ్డుకు వెళ్ళాల్సిందే. ఈ ప్రశ్నకు నా జవాబు ఆ నియమంలోనే ఉంది.

ఇప్పుడున్న అంతరిక్ష కేంద్రంలోనూ దీన్నే పాటిస్తున్నారు. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వారం పది రోజులకని వెళ్ళారు. వాళ్ళెక్కిన స్టార్‌లైనర్‌ను నమ్మలేక సెప్టెంబరులో దాన్ని ఖాళీగా దించేశారు. ఆ లోటు పూడ్చడానికి, అక్కడే ఉన్న మరో నౌకలో సామాన్లు పెట్టే చోట ఇద్దరికీ తాత్కాలికంగా సీట్లు అమర్చారు. ఆ నెలాఖరున వెళ్ళిన నౌకలో నలుగురికి బదులు ఇద్దరినే ఎక్కించి, రెండు సీట్లు ఖాళీగా పంపారు. 286 రోజుల తర్వాత వాళ్ళు ఆ నౌకలోనే దిగారు.

మన శ్రీహరికోటలోనూ అంతే. గగన్‌యాన్ కోసం 2023 అక్టోబరు 21న పరీక్షించింది ఏమిటంటే, రాకెట్ దారిలో చెడితే మనుషులుండే గదిని విడదీసి బంగాళాఖాతంలో దించడం. పైకి పంపే ముందు కిందికి దించడం నేర్చుకుంటున్నారు.

అంగారకుడి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వెళ్ళడానికే ఆరు నుంచి తొమ్మిది నెలలు. దారి అనుకూలించేది సుమారు 26 నెలలకోసారి. క్యూరియాసిటీ ప్రయాణంలో కొలిచిన రేడియేషన్ ప్రకారం రానూపోనూ దారిలోనే సుమారు 660 మిల్లీసీవర్టులు. ఒక వ్యోమగామికి ఉద్యోగకాలం మొత్తానికి నాసా పెట్టుకున్న హద్దు 600. అక్కడ గడిపే రోజుల లెక్క ఇందులో లేదు. అయినా 2013లో మార్స్ వన్ అనే డచ్చి సంస్థ తిరుగు ప్రయాణం లేదని ముందే చెప్పి పిలిస్తే, వేలమంది దరఖాస్తు పెట్టారు. 2019లో ఆ సంస్థ దివాళా తీసింది. “ఇష్టపడే సంతకం పెట్టారు కదా” అంటారు కొందరు.

సంతకం సంగతి యానాం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 1828 ప్రాంతంలో తెలుగు కూలీలను ఒప్పంద పత్రాల మీద ఇక్కణ్ణుంచి రీయూనియన్ దీవికి ఓడ ఎక్కించారు. పక్కనున్న కోరంగి రేవు పేరే మారిషస్‌లో తెలుగువాళ్ళకు పేరైంది. కాగితం మీద గీత పెట్టినవాడికి అక్కడి చెరకు తోట ఎలాంటిదో, యజమాని ఎలాంటివాడో తెలియదు. చాలామంది తిరిగి రాలేదు. అయినా వాళ్ళ పిల్లలకు గాలి, నీరు, నేల దక్కాయి. వాళ్ళ మనవలు ఈరోజు తలెత్తుకు బతుకుతున్నారు.

అంగారకుడి మీద పుట్టే బిడ్డకు పీల్చే గాలి కూడా గొట్టంలోంచే రావాలి. ఆ గొట్టం తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాడే దొర. వాడి మీద కార్మికుడు సమ్మె ఎలా చేస్తాడు? భూమి ఆకర్షణలో 38 శాతమే ఉన్నచోట బిడ్డ ఎముక ఎలా పెరుగుతుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ బిడ్డ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. “ఎప్పటికైనా మానవజాతికి రెండో ఇల్లు కావాలి కదా” అంటే, ఆ అవసరం మనది. దాని ఖర్చు ఆ పసివాడి మీద వేయకూడదు.

అలాగని వెళ్ళొద్దనను. హైదరాబాదు మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో వెళ్ళి, ఆరు నెలలు పనిచేసి, మరుసటి ఏడాది మే నెలలో క్షేమంగా దిగారు. అదీ పద్ధతి. వెళ్ళే ప్రతి మనిషికీ తిరుగు సీటు ఉండాలి. ప్రమాదం ఎంతో అంకెల్లో ముందే చెప్పాలి. పిల్లల సంగతి తేలేదాకా అక్కడ డ్యూటీయే తప్ప కాపురం వద్దు. దీనివల్ల ఆలస్యమవుతుంది, మన తరం చూడకపోవచ్చు కూడా. ఆ ఆలస్యం నాకు సమ్మతమే.

మాష్టార్లకు ఒక్క మనవి. రేపు ఈ బడి పిల్ల ఎవరైనా “అంగారకుడి మీదకు వెళ్తానండి” అంటే భుజం తట్టండి. “మరి తిరిగి ఎలా వస్తావమ్మా?” అని కూడా అడగండి. జవాబు ఆ పిల్లే కనిపెట్టవచ్చు.

సెలవు.