లైకెనిను – కరవునాటి గంజి

మసాలా దినుసులలోని రాతిపువ్వు మన గృహిణులకు తెలిసినదే. పేరునకు పువ్వే గాని నిజమునకది పువ్వు కాదు. శిలీంధ్రమును శైవలమును ఒకదానినొకటి ఆశ్రయించి ఏకదేహముగా బ్రతుకు లైకెను అది. ఇట్టి లైకెనే మరియొకటి ఐస్లాండు కొండనేలలపై గుబురుగా పెరుగును. ఆంగ్లేయులు దానిని ఐస్లాండు నాచు అందురు. ఐస్లాండువారి మాటకు కొండగడ్డి అని అర్థము. అది నాచును కాదు, గడ్డియు కాదు!

ధాన్యము కరవైనప్పుడు అచటివారు దానిని ఏరి తెచ్చి, చేదు విరుగుటకు నీటిలోనో బూడిదనీటిలోనో నానబెట్టి, గంజి కాచుకొనెడివారు, రొట్టెపిండిలో కలుపుకొనెడివారు. 1807 మొదలు 1814 వరకు జరిగిన యుద్ధమున ఆంగ్లనౌకలు నార్వేకు ధాన్యము రానీయనప్పుడు, అచటి ప్రజలకును లైకెను రొట్టె తినుడని బోధించిరి.

ఆ గంజికి చిక్కదనమిచ్చు పదార్థమే లైకెనిను. అది రుచిలేని తెల్లని పొడి. చన్నీట ఉబ్బును, వేడినీట కరగును, చల్లారినంతనే జున్నువలె పేరుకొనును. ఈ పోలికను బట్టియే పూర్వ రసాయనికులు దీనిని లైకెను పిండి అనిరి. కాని ఒక్క చుక్క అయొడిను వేసిన గుట్టు బయటపడును. బియ్యపు గంజి నీలమగును; లైకెనిను కాదు. దానితో కలిసియుండు ఐసోలైకెనిను మాత్రము నీలమగును. శుద్ధి చాలని లైకెనినులో నీలిఛాయ తోచుటకు కారణమిదియే.

ఆమ్లముతో విడగొట్టినచో గంజియు, లైకెనినును, దూదియు గ్లూకోసుగానే విడిపోవును. పూసలొక్కటే, కూర్పు వేరు. గంజిలోని పూసలకు ఆల్ఫా ముడులు. దూదిలోనివన్నియు ఒకే తీరు బీటా ముడులు; అందుచేత దారములు తిన్నగా సాగి, ఒకదానికొకటి బిగిసి, నీట కరగవు. లైకెనినులోనివియు బీటా ముడులే. కాని సుమారు మూడింట ఒకటి వేరు తీరున పడి దారమును వంచును. వంగిన దారములు బిగియనేరవు. కావుననే లైకెనిను వేడినీట కరగును.

మన లాలాజలమునకు విడదీయ చేతనైనవి ఆల్ఫా ముడులే. అందుచేత లైకెనిను జీర్ణము గాక పెద్దప్రేగు చేరును. అచటి సూక్ష్మజీవులు దానిలో కొంత భాగమును మాత్రము విరుచును. చలికాలమున లైకెనులు మేసి బ్రతుకు రెయిన్‌డీరునకు కడుపులోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెట్టును. మనకట్టి అదృష్టము లేదు. గంజి త్రాగిన బీదవాని కడుపు నిండినది గాని, ఒంటికి దక్కినది స్వల్పము. ఐస్లాండులో దీనిని పాలతో కాచుకొను అలవాటు కలదు. అట్లు త్రాగినవారికి బలమిచ్చినది ముఖ్యముగా ఆ పాలేయని మా యభిప్రాయము.