కంప్యూటరుకు ఎన్ని వాకిళ్ళు?

రేడియోపెట్టె ఎంత మంచిదైనను, బాండు సరిగా ఎన్నుకొననిదే కార్యక్రమము వినబడదు. మీడియం వేవుమీద వచ్చు సంగీతమును షార్ట్ వేవుమీద వెదకినచో గరగరలు తప్ప వేరేమియు దక్కవు. పెట్టె చెడిపోయినదని మనము విసుగుకొందుము. కాని లోపము పెట్టెలో లేదు, ఎన్నికలో నున్నది. కంప్యూటరు లోకముతో జరుపు సంభాషణను పరీక్షింపగోరు వారికిని మొదట ఎదురగు చిక్కు ఇటువంటిదే. ఎక్కడ చెవి పెట్టవలెను? ఈ ప్రసంగమున మేము ఆ మొదటి మెట్టును గూర్చియే విన్నవింతుము.

కంప్యూటరు గాని, చేతిలోని ఫోను గాని ఒక సందేశమును పంపునపుడు, అది యంతయు ఒక్క మూటగా పోదు. చిన్న చిన్న కట్టలుగా విడి, ఒక్కొక్క కట్టపై పంపినవారి చిరునామాయు, చేరవలసినవారి చిరునామాయు వ్రాయబడి బయలుదేరును. ఈథర్నెట్టు తీగమీద ఒక్కొక్క కట్టలో సాధారణముగా 1500 బైట్లకు మించి సరకు పట్టదు. ఈ కట్టనే ప్యాకెట్టందురు. అది యంత్రమునుండి వెలువడు వాకిలి, యంత్రములోనికి వచ్చు వాకిలి, ఇంటర్‌ఫేసు. పోవుచున్న ప్యాకెట్టును ఆపక, దాని నకలు తీసి పరిశీలించుట ఒక విద్య. నెట్‌వర్కు ఎందుకు మందగించినది, ఏ యంత్రము అనవసరముగా మాటలాడుచున్నది, ఏ ఉపకరణము యజమానికి తెలియకుండ ఎవరికో కబుర్లు పంపుచున్నది అను ప్రశ్నలకు సమాధానము ఈ విద్య వలననే లభించును.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వాన్ జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకాన్ అను మువ్వురు టీసీపీడంప్ అను ప్రోగ్రామును రచించిరి. అందలి నకలు తీయు భాగమును వేరుచేసి, ఇతర ప్రోగ్రాములకును ఉపయోగపడునట్లు ‘సి’ భాషలో కూర్చినదే లిబ్‌పీక్యాప్ అను ఉపకరణ కోశము. 1998లో జెరాల్డ్ కోంబ్స్ ఈథీరియల్ అను పేర వెలువరించిన సాధనము, 2006లో వైర్‌షార్క్ అని పేరు మారి నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది. అదియు ఇట్టి కోశము మీదనే ఆధారపడినది.

మీ కంప్యూటరుకు ఎన్ని వాకిళ్ళున్నవని అడిగినచో, వైఫై ఒక్కటే గదా యని పలువురు చెప్పుదురు. లైనక్సు నడుచు సామాన్యమైన ల్యాప్‌టాప్‌నే అడిగిచూచినచో అది నాలుగైదు పేర్లు చెప్పును. ‘ఈఎన్‌పీ3ఎస్0’ అనునది తీగ తగిలించు ఈథర్నెట్టు వాకిలి. ‘డబ్ల్యుఎల్‌పీ2ఎస్0’ అనునది వైఫై వాకిలి. నోరు తిరగని పేర్లుగా తోచినను ఇవి అర్థములేనివి కావు. మొదటి రెండక్షరములు తీగ గలదో, తీగ లేనిదో చెప్పును. తక్కిన భాగము ఆ పరికరము యంత్రములో ఏ పీసీఐ మార్గమున, ఏ స్థానమున అమరియున్నదో తెలుపును. ‘ఎల్ఓ’ అనునది లూప్‌బ్యాక్. 127.0.0.1 చిరునామా గల ఈ వాకిలి వీథిలోనికి తెరచుకొనదు. ఒక గదివారు పక్కగదివారితో మాటలాడుటకు ఏర్పడిన నడిమి తలుపు వంటిది. వీపీఎన్ వాడువారి యంత్రములో ‘టన్0’ వంటి పేరుతో మరియొకటి కానవచ్చును. అది చేతికి తగులు పరికరము కాదు. ప్రోగ్రాము కల్పించిన వాకిలి. ఇవిగాక, అన్ని వాకిళ్ళయొద్ద ఒక్కసారిగా వినుటకై ‘ఎనీ’ అను నామమాత్రపు వాకిలిని లిబ్‌పీక్యాప్ లైనక్సులో చూపును.

ఇన్నింటిలో ఏదో యొకటి ఎన్నుకొనినచో నేమి? అని సందేహము కలుగవచ్చును. ఒక కార్యాలయములో లెక్కల ప్రోగ్రామును, అది ప్రశ్నించు డేటాబేసును ఒకే యంత్రములో నున్నవనుకొందము. వాటి సంభాషణ సాధారణముగా లూప్‌బ్యాక్‌మీదనే సాగును. ఈథర్నెట్టు వాకిట గంటలకొలది కూర్చున్నను అందులో ఒక్క మాటయు వినబడదు. వీపీఎన్ విషయము మరింత విచిత్రము. ‘టన్0’ వాకిట నిలిచినవానికి ఉత్తరముపై అసలు చిరునామా కనబడును. అదే ఉత్తరము వైఫై వాకిటికి వచ్చుసరికి రహస్యలిపిలోనికి మారి, మరియొక కవరులో దూరి, వీపీఎన్ సర్వరు చిరునామాతో పోవును. ఉత్తరమొక్కటే, రూపములు రెండు. తగని వాకిట నిలిచినవాడు ‘ఏమియు జరుగుటలేదు’ అని వ్రాసిపెట్టును. ఆ వ్రాతను నమ్మి ఇతరులు నిర్ణయములు చేయుదురు. దొంగ పెరటిదారిన పోవుచుండగా వీథి వాకిట కావలి కాచినట్లగును. వినబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. ఈ భేదమును మరచుటయే ఇందలి అసలు ప్రమాదము.

కావున ఊహింపరాదు, యంత్రమునే అడుగవలెను. లిబ్‌పీక్యాప్‌లో ఇందులకు ‘పీక్యాప్ ఫైండ్ ఆల్ డెవ్స్’ అను ఫంక్షను కలదు. దానికి రెండు వస్తువుల నందింపవలెను. మొదటిది, జాబితా తొలి కొనను నిలుపుకొనుటకు ఒక పాయింటరు చిరునామా. రెండవది, పని చెడినపుడు కారణమును వ్రాసియిచ్చుటకు ఖాళీ పలక వంటి స్థలము. ఫంక్షను 0 తిరిగి యిచ్చినచో పని నెరవేరినట్లు. లేనిచో పలకమీది కారణమును చదువుకొనవలెను.

జాబితా గొలుసు రూపమున నుండును. ఒక్కొక్క కొలికియందు అయిదు అంశములు గలవు: తరువాతి కొలికి ఎక్కడ నున్నదను సూచన, వాకిలి పేరు, దాని వివరణ, దాని చిరునామాల పట్టిక, దాని లక్షణములను దెల్పు గుర్తులు. ఒక కొలికినుండి తరువాతిదానికి పోవుచు, సూచన శూన్యమైనచోట ఆగవలెను. వివరణ కొన్నింటికి ఉండకపోవచ్చును గనుక, ఉన్నదో లేదో చూడకయే అచ్చువేయబూనిన ప్రోగ్రాము కూలిపోవచ్చును. విండోసులో మాత్రము వివరణయే ముఖ్యము. అక్కడ ఎన్‌పీక్యాప్ చెప్పు పేర్లు పొడవైన సంఖ్యల వరుసలు గనుక మనుష్యునికి అర్థము కావు. గుర్తులను చూచినచో ఇది లూప్‌బ్యాకా, తెరచియున్నదా, నడుచుచున్నదా అను సంగతులు తెలియును.

ఇక్కడ రెండు విషయములు గట్టిగా మనసునందుంచుకొనవలెను. పూర్వము ‘పీక్యాప్ లుకప్ డెవ్’ అను మరియొక ఫంక్షను వాడుకలో నుండెను. అది జాబితా నీయక, తనకు తోచిన ఒక్క పేరును ఇచ్చెడిది. 2018లో వెలువడిన 1.9.0 కూర్పునుండి దానిని వాడవలదని నిర్ణయించిరి. అయినను కొందరు జాబితా తెప్పించుకొని, మొదటి పేరుతోనే తృప్తిపడుదురు. కోశము పనికివచ్చుదానిని ముందుంచుటకు యత్నించును గాని, మన అవసరము దానికి తెలియదు. మరికొందరు ‘ఈత్0’ వంటి పేరును ప్రోగ్రాములోనే స్థిరముగా వ్రాసివేయుదురు. రెండు కార్డులున్న యంత్రములో ఆ పాత పేర్లు ఒక ప్రారంభమునకు, మరియొక ప్రారంభమునకు తారుమారగుట కలదు. అందువలననే పైన చెప్పిన కొత్త పేర్ల పద్ధతి ఏర్పడినది.

రెండవది మరింత సూక్ష్మమైనది. ఫంక్షను 0 ఇచ్చియు, జాబితా శూన్యముగా నుండవచ్చును. వాకిళ్ళే లేవని దాని యర్థము కాదు. ఈ ప్రోగ్రాము తెరువ వీలులేని వాకిళ్ళు జాబితాలో చేరవని కోశము నియమము. నకలు తీయుటకు లైనక్సులో సామాన్యముగా రూటు అధికారము గాని, అందులకై ప్రత్యేకముగా నీయబడిన అనుమతి గాని ఉండవలెను. ఖాళీ జాబితా చూచి నెట్‌వర్కు చెడినదని తేల్చుటకు ముందు, అనుమతి యున్నదా యని అడుగవలెను. పని ముగిసిన పిమ్మట ‘పీక్యాప్ ఫ్రీ ఆల్ డెవ్స్’ ద్వారా ఆ జాబితా ఆక్రమించిన జ్ఞాపకస్థలమును తిరిగి అప్పగింపవలెను. పగలు రాత్రి నడుచు ప్రోగ్రాము ఈ ఋణము తీర్చనిచో యంత్రము క్రమముగా బరువెక్కును.

అనుమతి మాట యంత్రముతో ముగియదు. వాకిలి తెరచుటకు శక్తి యున్నంతమాత్రమున హక్కు కలుగదు. మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను, యజమాని అనుమతి లేక కంప్యూటరునుండి గాని నెట్‌వర్కునుండి గాని సమాచారమును నకలు తీసినవారిని నష్టపరిహారమునకు బాధ్యులను చేయుచున్నది. మన యంత్రమును మనము పరీక్షించుకొనుట జాగ్రత్త. ఇరుగుపొరుగువారి సంభాషణకు చెవియొగ్గుట నేరము.

కడపట ఒక్క సూచన. సేకరించిన ప్యాకెట్లను దాచు పాత పీక్యాప్ ఫైలులో అవి ఏ వాకిటనుండి వచ్చినవో పేరు నిలువదు. పీక్యాప్ ఎన్‌జీ అను కొత్త పద్ధతిలో ఆ పేరు వ్రాయుటకు చోటు కలదు. ఏ పద్ధతి వాడినను, ఎన్ని వాకిళ్ళు కనబడినవి, వానిలో దేనివద్ద వింటిమి, దేనివద్ద వినలేదు అను మూడు మాటలను ఫలితముతోపాటు వ్రాసియుంచవలెను. రేపు ఆ కాగితము చదువువాడు, మనము విన్నదానిని ఎంతవరకు నమ్మవలెనో ఆ మూడు మాటలను బట్టియే నిర్ణయించుకొనగలడు.