నాలుగు వాక్యాలతో మొదలైన చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెన్మార్క్‌లో గాలిమరల డిజైన్ పని చేస్తున్నాను కాబట్టి వాటి గురించే మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. కానీ బడి పండక్కి వచ్చి బడి సంగతే చెప్పాలనిపించింది. యాభై దాటాక నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. ఆర్హుస్ నగరంలో వారానికి రెండు సాయంత్రాలు ఆఫీసు అయ్యాక పుస్తకాల సంచీ తగిలించుకుని డేనిష్ నేర్చుకోవడానికి వెళ్ళేవాణ్ణి.

ఆఫీసులో ఇంగ్లీషుతో పని గడిచిపోతుంది. మున్సిపాలిటీ నుంచి వచ్చే ఉత్తరం, భోజనాల బల్ల దగ్గర కబుర్లు, పక్కింటాయన పలకరింపు మాత్రం డేనిష్‌లోనే. పైగా అక్కడ శాశ్వత నివాసం కావాలంటే మామూలుగా డేనిష్ పరీక్ష ప్యాసవ్వాలి. నేను చేరిన కోర్సులో 6 మాడ్యూళ్ళు. నా పక్కన సిరియా నుంచి వచ్చిన పంటి డాక్టరు, ముందు వరసలో పోలెండ్ వడ్రంగి. అందరం సంసారాలున్నవాళ్ళమే, అందరం ఒకటో తరగతే!

మొదట నేర్పిన మాటలన్నీ బడి మాటలే. ప్రభుత్వ బడిని 'ఫోల్కెస్కోలె' అంటారు, అంటే ప్రజల బడి. 1814లోనే పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసిన దేశం అది. ఇంటర్వెల్ 'ఫ్రీక్వాటేర్', మాటకు మాట చెబితే 'ఖాళీ పావుగంట'. మధ్యాహ్నానికి ఇంటి నుంచి తెచ్చుకునేది 'మద్‌పాగె'. మన క్యారేజీ లాంటిదే కానీ లోపల అన్నం బదులు రై పిండి రొట్టె ముక్కలుంటాయి. హోంవర్క్‌ను 'లెక్షర్' అంటారు. మన కాలేజీ లెక్చర్‌కూ దానికీ మూలం ఒకటే, చదవడం అనే అర్థమున్న లాటిన్ మాట.

నన్ను ఆ భాషకు దగ్గర చేసినవి రెండు క్రియలు. 'వ లేసర్ డు?' అంటే 'నువ్వేం చదువుతున్నావు?' చేతిలో నవల ఉన్నవాణ్ణీ అలాగే అడుగుతారు, ఇంజినీరింగ్ విద్యార్థినీ అలాగే అడుగుతారు. పుస్తకం చదవడానికీ, డిగ్రీ చదవడానికీ ఒకటే మాట, అచ్చం మన తెలుగులో లాగే! ఇక రెండోది 'లేర'. నేను నేర్చుకుంటున్నానన్నా 'లేర'యే, ఆవిడ నాకు నేర్పుతోందన్నా 'లేర'యే. మనకు నేర్చడం, నేర్పడం అని ఒక్క అక్షరం తేడా ఉంది. వాళ్ళకు అదీ లేదు. పంతుల్ని కూడా 'లేరర్' అనే అంటారు.

పలకడం దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. డేనిష్‌వాళ్ళు రాసినదాంట్లో సగం మింగేస్తారు. 'ఏమిటి' అనే మాటను హెచ్, వి, ఎ, డి అని నాలుగు అక్షరాలతో రాసి 'వ' అని ఊరుకుంటారు. అందుకే మా టీచరుగారు మొదటి సాయంత్రం వ్యాకరణం జోలికి పోలేదు. బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసి, అందరిచేతా పదేసి సార్లు చెప్పించారు.

'యాయ్ ఫొస్టోర్ డే ఇగె' - నాకు అర్థం కాలేదు.
'కాన్ డు సీ డే ఇగెన్?' - మళ్ళీ చెబుతారా?
'వ బెట్యూదర్ డే?' - దానికి అర్థమేమిటి?
'వొడాన్ స్టేవర్ మాన్ డే?' - దాన్ని ఎలా రాస్తారు?

ఈ అనువాదంలో 'చెబుతారా' అని మర్యాద చేర్చింది నేనే. అక్కడ టీచరునైనా 'డు' అంటే 'నువ్వు' అనాలి, పేరు పెట్టి పిలవాలి. 'మాస్టారూ' అని అలవాటైన నాలుకకు అది లొంగడానికి చాలా రోజులు పట్టింది.

ఆ నాలుగు వాక్యాలు ఎంత పని చేస్తాయో అంకెలు నేర్చుకునే రోజున తెలిసింది. యాభైని 'హల్‌ట్రెస్' అంటారు. 'వ బెట్యూదర్ డే?' అని అడిగాను. ఆవిడ బోర్డు మీద లెక్క వేశారు. ఆ మాటకు మూలంలో 'సగం తక్కువ మూడు ఇరవైలు' అని అర్థమట. అంటే రెండున్నర ఇరవైలు, యాభై. అడగకపోతే బట్టీ పట్టేవాణ్ణి. అడిగాను కాబట్టి అరవై, డెబ్బై, ఎనభై, తొంభై కూడా ఇరవైల లెక్కేనని తెలిసింది.

తప్పు పలికితే నవ్వి 'ప్యుట్' అనేవారు. మన 'పోనీలే'కు సరిగ్గా సరిపోయే మాట. 2018లో డేనిష్‌వాళ్ళు తమకు బాగా ఇష్టమైన మాటగా దాన్నే ఎంచుకున్నారు. క్లాసు అయిపోగానే 'టాక్ ఫొ ఇ డే' అనుకుంటారు, అంటే 'ఈ రోజుకు ధన్యవాదాలు'. అది విద్యార్థులు టీచరుకూ చెబుతారు, టీచరు విద్యార్థులకూ చెబుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో సాగే కాలేజీ క్లాసుల్లో వెనక బెంచీకి చేరినవాళ్ళం. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాడు కూడా అక్కడ నోరు విప్పలేదు. వాడికి తెలివి తక్కువై కాదు, సందేహం అడగడానికి చేతిలో వాక్యం లేక. కొందరు అక్కడే చదువు మానేశారు. ఇప్పుడు మన బడి ఇంగ్లీషు మీడియమైంది. మనం పద్దెనిమిదో ఏట చూసిన ఆ గోడను ఈ పిల్లలు పదకొండో ఏట చూస్తున్నారు.

అందుకని గురువులకు ఒక మనవి. ఆరో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి నెలలో ఈ నాలుగు వాక్యాలే ఇంగ్లీషులో రోజూ చెప్పించండి. తెలుగు అర్థంతో గోడకు తగిలించండి. పిల్ల 'అర్థం కాలేదు' అన్నప్పుడు జవాబు తెలుగులో చెప్పినా ఫరవాలేదు. ఆ ప్రశ్న బయటికి రావడమే ముఖ్యం. సిలబస్‌కు సమయం చాలదని నాకూ తెలుసు. అర్థంకాని సిలబస్ పూర్తయినా ఒకటే, కాకపోయినా ఒకటే.

సంఘం మిత్రులకూ ఒక మాట. ఊళ్ళో ఉన్నవాళ్ళు శనివారం ఒక గంట వచ్చి పిల్లలచేత ప్రశ్నలు అడిగించండి. దూరంగా ఉన్న నాలాంటివాళ్ళం ఫోన్లో వీడియో కాల్ ద్వారా కూర్చుంటాం. దీనికి అయ్యే ఖర్చు నాలుగు చార్టులు. స్వర్ణోత్సవానికి గుర్తుగా కట్టే ఆర్చీ ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు ఇదీ ఉండాలని నా కోరిక.

డేనిష్‌లో ఇంకో మర్యాద ఉంది. ఇంతకుముందు కలిసినవాళ్ళు మళ్ళీ కనిపిస్తే 'టాక్ ఫొ సిస్ట్' అంటారు, 'కిందటిసారికి ధన్యవాదాలు' అని. మనం కిందటిసారి కలిసి కూర్చున్నది ఈ గదుల్లోనే, నిక్కర్లూ ఓణీలూ వేసుకున్న రోజుల్లో. ఆ రోజులకు మీ అందరికీ టాక్ ఫొ సిస్ట్. ఓపిగ్గా విన్నందుకు టాక్ ఫొ ఇ డే.

సెలవు.