పునాది కంటే ముందు అడగాల్సిన మాట
(సిరికొండలో చేసిన స్మారకోపన్యాసం)



సిరికొండలో వారసత్వం గురించి మాట్లాడమంటే లింబాద్రి గుట్టతోనో డిచ్‌పల్లి రామాలయంతోనో మొదలుపెట్టడం అలవాటు. నేను ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం కుప్పతో మొదలుపెడతాను.

మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకనాడు కమ్మరులు రెండు రకాల ఇనుమును మట్టిమూసల్లో కలిపి కరిగించి ఉక్కు తీసేవారు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా ఉండి రాళ్లూ ఖనిజాలూ పరిశీలించిన హెన్రీ వాయ్సీ ఆ పనిని స్వయంగా చూసి రాశాడు. ఆయన పోయాక 1832లో ఆ రాత అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవారు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇనుము, ఉక్కు తీసిన చోట్లను నమోదు చేశారు. వాళ్లకు దారి చూపింది గోపురాలు కావు. చిట్టెం కుప్పలు, పగిలిన మూసలు, కాలిన మట్టి ముక్కలు. తెలియనివారి కంటికి అది చెత్త. రోడ్డు వేసేవారి చేతిలో పడితే గుంతలో పోసి రోలరు తిప్పేస్తారు. అంతటితో ఆ ఊరి చరిత్రలో ఒక అధ్యాయం పోతుంది. తిరిగి రాయడానికి ఆధారం మిగలదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. భూమిలో పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా చెబుతూనే ఉంది. అయితే ఇవి ముందే గుర్తించిన కట్టడానికో, బయటపడిన వస్తువుకో వర్తిస్తాయి. ఇంకా ఎవరూ గుర్తించని పాటిగడ్డ అనే పాత ఊరి దిబ్బకు, రాకాసిగుళ్లనే ప్రాచీన రాతి సమాధులకు, పొలం గట్టున ఒరిగిన వీరగల్లుకు వీటి నీడ అందడం లేదు. మన పల్లెల్లో ఉన్నవి ఎక్కువగా ఇవే.

ఆ ఖాళీలో చేయాల్సిన పనే పురావస్తు సలహా. కాలువైనా, బైపాస్ అయినా, వెంచర్ అయినా గీత ఖరారు కాకముందే ఆ దారి పొడవునా నడవాలి. గ్రామ నక్షా, పాత పహాణీలు తిరగేయాలి. పాటిమన్ను ఏ గడ్డ నుంచి తోలుకున్నారో రైతును అడగాలి. ఆయనకు తెలిసినంత ఏ ఉపగ్రహ చిత్రానికీ తెలియదు. అనుమానమున్న చోట చిన్న పరీక్ష గుంతలు తీయాలి. అప్పుడు గీతను కాస్త పక్కకు జరపవచ్చు. జరపలేకపోతే పద్ధతిగా తవ్వి నమోదు చేయవచ్చు. అదీ కాకపోతే జేసీబీ పక్కన తెలిసిన మనిషి నిలబడాలి. మొదటిదానికి ఖర్చు అన్నిటికంటే తక్కువ. అదీ కాగితం మీద గీత ఉన్నప్పుడే సాధ్యం. మన మండలంలోని గడ్కోల్ దగ్గర కాళేశ్వరం పంపుహౌస్ పని చూసినవారికి, యంత్రాలు దిగాక మట్టి ఎంత వేగంగా లేస్తుందో నేను చెప్పక్కరలేదు.

మనకిది చేతకాదని అనకండి. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో కట్టారు. పెద్ద ఆనకట్టకు చూపిన ఆ శ్రద్ధ చిన్న వెంచరుకు ఎందుకు ఉండకూడదు? చిన్నవే రోజూ జరుగుతున్నాయి కదా.

డబ్బు ఎవరిదన్నది తర్వాతి ప్రశ్న. ఇంగ్లండు 1990లో తెచ్చిన ప్రణాళికా మార్గదర్శకంతో ఆ భారం కట్టేవారి మీదకు వచ్చింది. నేను దాన్ని సమర్థిస్తాను. ఒక చిక్కు మాత్రం ఉంది: కట్టేవారే జీతమిచ్చే సలహాదారుకు "ఏమీ లేదు" అని రాయడం చాలా సులువు. అందుకే నివేదిక పురావస్తు శాఖకూ, గ్రామసభకూ ఒకేసారి, తెలుగులో చేరాలి. జనం చదవలేని నివేదికను నేను నివేదికగా ఒప్పుకోను.

ఇప్పటికే కట్టేసిన పట్నం మాటేమిటి? మన జిల్లాలోని బోధన్‌నే చూడండి. బౌద్ధ గ్రంథాలు చెప్పే అస్సక రాజ్యపు రాజధాని పోతన ఇదేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. జనం కాపురమున్న పట్నాన్ని తవ్విపోయలేం. కానీ మురుగుకాలువ కోసం, ఇంటి పునాది కోసం తీసే ప్రతి గుంతా పైసా ఖర్చు లేకుండా దొరికే కోత. దాని గోడల్లోని మట్టి పొరలను ఒక్కపూట చూసి ఫొటో తీసి, లోతు రాసుకుంటే పదేళ్లలో ఊరి కింది ఊరికి పటం తయారవుతుంది. అక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీనీ ఇందులో కలపాలి. 1930ల చివర్లో పుట్టి, 2015 డిసెంబరులో మూతపడిన ఆ ఆవరణలో రేపు ఏది వచ్చినా, ముందు యంత్రాలను, షెడ్లను, క్వార్టర్లను కొలిచి గీయాలి. అక్కడ పనిచేసినవారు ఉండగానే వారి మాట రికార్డు చేయాలి. ఏ యంత్రం ఏం చేసేదో వారు చెప్పకపోతే మనకు మిగిలేది పాత ఇనుమే.

సిరికొండ మండల యువకులను ఒకటి అడుగుతున్నాను. మీ ఊరి పాటిగడ్డలు, రాకాసిగుళ్లు, చిట్టెం కుప్పలు, వీరగల్లులు సర్వే నంబర్లతో సహా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి పురావస్తు శాఖకు, ఒకటి నిజామాబాద్ పట్టణాభివృద్ధి సంస్థకు రసీదు తీసుకుని ఇవ్వండి. జాబితా చేతిలో ఉంటే, లేఅవుటు అనుమతికి వచ్చినరోజున ఆ సర్వే నంబరు మీద అభ్యంతరం చెప్పే హక్కు మీ గ్రామసభకు కాగితం మీద నిలుస్తుంది.