విశాఖ వృద్ధి – కార్మికుల హక్కు
(బిలాస్‌పూరు కార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



బిలాస్‌పూరున స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబములకు విశాఖపట్టణము పరాయిది కాదు. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము మార్గము, 1933లో ప్రారంభమైన విశాఖ రేవునకు ఛత్తీస్‌గఢ్ సీమ సరకును చేర్చినది. రైళ్లు నడిపినవారు మన పెద్దలు. వారి జీతపు డబ్బును మనియార్డర్లుగా స్వగ్రామములకు అందించినవారు తపాలా సోదరులు.

1957లో విశాఖలో వెలసిన కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారము 1978లో ప్రభుత్వరంగ హిందూస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. 1997 సెప్టెంబరులో అచ్చటి అగ్నిప్రమాదము సుమారు 60 మందిని బలిగొన్నది. 2025 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగార పునరుద్ధరణకు కేంద్రము 11,440 కోట్ల రూపాయలు ప్రకటించినది, హర్షించుచున్నాము. కాని కాంట్రాక్టు కార్మికునికి ఉద్యోగ భద్రత, పనిచోట ప్రాణరక్షణ లభించిననాడే ఆ ప్రాంతము కోలుకొన్నదని అందుము. ఈ రెండు కోర్కెలను మన మహజరులో మొదట చేర్చుదము.